బ్యాటు పట్టిన చేతులే ఆపరేషన్ చేసినయ్!

మీ ఇంట్లో పదో తరగతి చదివే ఆడపిల్ల ఉందా? లేకుంటే ఇంటర్లో బైపీసీ తీసుకున్న బిడ్డ ఉందా? సాయంత్రం అయిదు కాగానే బూట్లు వేసుకొని గ్రౌండుకు ఉరికే అలవాటు కూడా ఉందా ఆ పిల్లకు? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే. పొయ్యి మీద కూర ఉంటే దించేసి, నిమ్మళంగా కూర్చొని చదవండి.

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఏ ఇంట్లోనైనా వినబడే మాట ఒకటుంది. "ఇగ ఆటలు చాలు బిడ్డా, పదికొచ్చినవ్. సదువు మీద మనసు వెట్టు." మగపిల్లవాడికి ఈ మాట ఎప్పుడో ఇంటర్ రెండో సంవత్సరంలో చెబుతాం. ఆడపిల్లకు మాత్రం పదో తరగతి బడి తెరవకముందే చెబుతాం. చెప్పేది అమ్మ, చెప్పించేది నాయిన, తల ఊపేది చుట్టాలు! పిల్ల మంచి కోరే చెబుతాం, కాదనను. డాక్టరు కావాలంటే ఆట మానాలి, ఆట ఆడితే డాక్టరు కాదు అని మన లెక్క. ఆ లెక్క సరియైనదేనా అని ఎప్పుడైనా ఆలోచించామా?

దీనికి జవాబుగా మీకు ఒక అమెరికా అమ్మాయి కథ చెబుతాను. కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడి దేశంలోకెల్లా మేటి అనిపించుకుంది. ఒలింపిక్స్‌లో రెండుసార్లు బంగారు పతకం గెలిచింది. ఆ నడుమనే ఎముకల డాక్టరూ అయ్యింది! పేరు డాట్ రిచర్డ్‌సన్. అసలు పేరు డొరొతీ, ఇంట్లో బయట అందరూ పిలిచేది డాట్ అని.

ముందు ఆ ఆట సంగతి

సాఫ్ట్‌బాల్ అంటే మనలో చాలామందికి తెలియదు. పిల్లలకు మాత్రం తెలుసు. స్కూల్ గేమ్స్ పోటీల్లో కబడ్డీ, ఖోఖోలతో పాటు ఇదీ ఉంది. చూస్తే క్రికెట్‌కు దగ్గరి చుట్టంలా కనబడుతుంది. జట్టుకు తొమ్మిది మంది. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బంతి కంటే బాగా పెద్దది. పేరులో సాఫ్ట్ అని ఉంది కదా అని మెత్తగా ఉంటుందనుకోకండి, తగిలితే తెలుస్తుంది! బంతి వేసే అమ్మాయి చేతిని కింది నుంచి గిర్రున తిప్పి విసురుతుంది. ఆడవాళ్ళ పెద్ద పోటీల్లో ఇప్పుడు ఆమెకూ బ్యాటు పట్టిన అమ్మాయికీ మధ్య దూరం 43 అడుగులే. కన్నుమూసి తెరిచేలోగా బంతి వచ్చేస్తుంది. కొట్టాక నాలుగు మూలలున్న చౌకంలో ఒక్కో మూలకూ, అంటే ఒక్కో బేసుకూ పరుగెత్తాలి. ఒక బేసు నుంచి ఇంకో బేసుకు 60 అడుగులు. నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని కంచె దాటిస్తే హోమ్ రన్, మన సిక్సరు లాంటిది. ఆటకు ఏడు ఇన్నింగ్స్.

ఈ ఆట పుట్టుక కూడా తమాషాయే. 1887లో షికాగో పట్నంలో కొందరు కుర్రవాళ్ళు ఒక క్లబ్బులో కూర్చొని ఫుట్‌బాల్ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. ఫలితం వచ్చాక సంబరంలో ఒకరు బాక్సింగ్ గ్లౌజు విసిరితే, ఇంకొకరు కర్రతో కొట్టారట. అది చూసి జార్జి హాంకాక్ అనే ఆయన గ్లౌజునే బంతిలా కట్టి నాలుగు గోడల మధ్య ఆడించాడు. మన పిల్లలు చిర్రగోనె ఆడటానికి ఏది దొరికితే అది చేతపట్టినట్టే!

"పేరు బాబ్ అని మార్చుకో!"

డాట్ 1961 సెప్టెంబరు 22న ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో పుట్టింది. నాయిన అమెరికా వైమానిక దళంలో పనిచేసేవాడు. బదిలీల ఉద్యోగం కనుక ఊళ్ళు మారడం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఎక్కడికి పోయినా అన్నదమ్ములతో బంతి విసరడం మాత్రం మానలేదు.

పదేళ్ళ వయసులో జరిగిన ఒక ముచ్చట ఆమే చాలాసార్లు చెప్పుకుంది. అన్నదమ్ములతో బంతి విసురుతుంటే చూసిన ఒక కోచ్ దగ్గరికి వచ్చి, మా మగపిల్లల బేస్‌బాల్ జట్టులో ఆడతావా అని అడిగాడు. పిల్ల ఎగిరి గంతేసింది. అయితే జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాలి, పేరు బాబ్ అని చెప్పాలి అన్నాడాయన. అంటే మగపిల్లవాడిలా వేషం వేస్తే ఆడనిస్తారన్న మాట! ఆ పిల్ల ఒప్పుకోలేదు. నేను కాని మనిషిగా ఎందుకు ఆడాలి అనుకుంది. పదేళ్ళ పిల్లకు ఎంత తెలివి చూడండి!

అదృష్టం బాగుండి, ఆ రోజుల్లోనే ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ జట్టు వాళ్ళ కంట్లో పడింది. జట్టులో అందరూ ఆమె కంటే పెద్దవాళ్ళే. వాళ్ళ మధ్య పదేళ్ళ పిల్ల. పదమూడేళ్ళకే జాతీయ స్థాయి పెద్దల పోటీల్లో ఆడింది. ఆ పోటీల్లో అంతకు ముందు అంత చిన్న పిల్ల ఎవరూ ఆడలేదు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. 1972లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. అక్కడ దాన్ని టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ బడిలోనూ, కాలేజీలోనూ ఆడ మగ తేడా చూపరాదని దాని సారం. చట్టం రాసినప్పుడు చాలామంది దృష్టి చదువుల మీద, ఉద్యోగాల మీద ఉంది. ఫలితం మాత్రం ఆటస్థలాల్లోనూ కనబడింది. మగపిల్లలకు జట్లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్పులు ఉన్నప్పుడు ఆడపిల్లలకూ ఉండాలి కదా! మెల్లమెల్లగా కాలేజీల్లో అమ్మాయిల జట్లు పెరిగినయ్. డాట్ కాలేజీకి వచ్చే నాటికి దారి తెరుచుకొని ఉంది. ఆమె కష్టం ఆమెదే. కానీ దారి లేకుంటే ఎంత కష్టపడీ ఏం లాభం?

కాలేజీలో ఆట, కళ్ళముందు వైద్యం

మొదటి ఏడాది వెస్టర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆడింది. 1980లో అక్కడ బ్యాటుతో దేశంలోనే ముందు నిలిచింది. ఆ తర్వాత లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారింది. 1982లో కాలేజీ క్రీడల జాతీయ సంఘం ఆడపిల్లలకు మొట్టమొదటిసారి సాఫ్ట్‌బాల్ టైటిల్ పోటీ పెడితే, గెలిచింది ఈమె జట్టే. తర్వాత ఆ సంఘం 1980ల దశాబ్దానికంతటికీ మేటి క్రీడాకారిణిగా డాట్‌నే ఎంచింది. ఆమె ఆడే చోటు షార్ట్‌స్టాప్. రెండో బేసు, మూడో బేసుల మధ్య నిలబడాలి. ఎక్కువ బంతులు వచ్చేది అటే. నిలబడ్డ చోట ఏమరుపాటు కుదరదు.

ఆట ఆడుతూనే శరీరం ఎట్లా కదులుతుంది, కండరాలు ఎట్లా పనిచేస్తాయి అనే చదువు చదివింది. తర్వాత న్యూయార్క్ వైపు అడెల్ఫీ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసింది. ఆ తర్వాత లూయివిల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరింది. వారమంతా పాఠాలు, ప్రయోగశాల, ఆస్పత్రి. శని, ఆదివారాలు వస్తే విమానమెక్కి తన జట్టు ఆడేచోటికి పోవడం, ఆడటం, మళ్ళీ సోమవారానికి క్లాసులో కూర్చోవడం!

1993లో డాక్టరు పట్టా చేతికొచ్చింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్ళు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఆ తర్వాత ఎముకల వైద్యంలో స్పెషలిస్టు శిక్షణ కోసం లాస్ ఏంజిలెస్‌లో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో చేరింది. అక్కడ దాన్ని రెసిడెన్సీ అంటారు. మన దగ్గర పీజీ అంటామే, అట్లాంటిది. పీజీ చేసే డాక్టర్లను ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? రాత్రి లేదు, పగలు లేదు. యాక్సిడెంటు కేసులు, విరిగిన కాళ్ళు, చేతులు, తెల్లవార్లూ ఆపరేషన్ థియేటరు. ఆ డ్యూటీ చేసి ఇంటికొచ్చి, అపార్ట్‌మెంటులోనే వల కట్టుకొని బంతి కొట్టడం సాధన చేసేది.

అట్లాంటా, ఆ తర్వాత సిడ్నీ

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్‌ను మొదటిసారి చేర్చారు. పదేళ్ళ వయసు నుంచి ఆడుతున్న ఆటకు ఒలింపిక్స్‌లో చోటు దొరికేసరికి డాట్‌కు 34 ఏళ్ళు. అందరూ ఆట మానే వయసు. ఆస్పత్రి నుంచి సెలవు తీసుకొని జట్టుతో కలిసింది. ఒలింపిక్స్ సాఫ్ట్‌బాల్‌లో మొట్టమొదటి హోమ్ రన్ కొట్టింది ఆమే. జూలై 30న చైనాతో ఫైనల్. ఒకరు బేసు మీద ఉండగా ఆమె కొట్టిన బంతి కుడివైపు గీత పక్కగా పోయి కంచె దాటింది. అది గీతకు బయటనుంచి పోయిందని చైనా వాళ్ళు గొడవ చేస్తే ఆట కాసేపు ఆగింది. అంపైరు మాట మార్చలేదు. ఆ రెండు పరుగులతోనే అమెరికా ముందుకు పోయి, 3-1తో గెలిచి బంగారం అందుకుంది. మెడలో పతకం పడ్డ కొద్ది రోజులకే ఆమె తెల్లకోటు వేసుకొని మళ్ళీ ఆస్పత్రి డ్యూటీకి పోయింది!

2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్. అది మనకూ మరపురాని ఒలింపిక్సే. శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లేశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ అయ్యింది అక్కడే కదా! అదే ఊళ్ళో, అదే రోజుల్లో డాట్ రెండో ఒలింపిక్స్ ఆడుతోంది. మొదట్లో అమెరికా జట్టు వరుసగా మూడు ఆటలు ఓడింది. ఇగ అయిపోయిందనుకున్నారు. తేరుకొని, ఫైనల్‌లో జపాన్‌ను 2-1తో ఓడించి మళ్ళీ బంగారం గెలిచింది. ఆ ఆటల మధ్యలోనే ఆమెకు 39 ఏళ్ళు నిండినయ్.

తర్వాత ఫ్లోరిడాలోని క్లెర్‌మాంట్‌లో క్రీడా శిక్షణ కేంద్రానికి వైద్య డైరెక్టరుగా పనిచేసింది. 2013లో లిబర్టీ విశ్వవిద్యాలయం సాఫ్ట్‌బాల్ జట్టుకు కోచ్‌గా చేరింది. ఆట నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి మళ్ళీ ఆటకు.

మన వాళ్ళల్లో లేరా?

"అది అమెరికా అక్కా, మన దగ్గర ఎట్లయితది?" అంటారని నాకు తెలుసు. అయితే వినండి.

స్వతంత్ర భారతదేశం మొదటి ఒలింపిక్స్ 1948లో లండన్‌లో ఆడింది. అప్పటి ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ నాగా కొండల నుంచి వచ్చిన తాలిమెరెన్ ఆవ్. కలకత్తాలో వైద్యం చదువుతూ ఆడిన మనిషి. తర్వాత డాక్టరై సొంత నేలకు పోయి సేవ చేశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన హాకీ జట్టులో వేస్ పేస్ గారున్నారు. ఆయనా డాక్టరే, క్రీడా వైద్యంలో పేరు పొందారు. ఆయన కొడుకే 1996లో అట్లాంటాలో టెన్నిస్ కాంస్యం తెచ్చిన లియాండర్ పేస్.

వీళ్ళు మగవాళ్ళు కదా అంటారా? సరే, మన తెలుగింటికే వద్దాం. పి.వి. సింధు తెలియనిదెవరికి? సింధు నాయిన రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. అమ్మ విజయ గారూ వాలీబాల్ క్రీడాకారిణే. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది బ్యాడ్మింటన్‌నే బతుకు చేసుకొని 2016లో ఒలింపిక్ వెండి, 2021లో టోక్యోలో కాంస్యం తెచ్చింది. పెద్దమ్మాయి జాతీయ స్థాయిలో హ్యాండ్‌బాల్ ఆడి, తర్వాత డాక్టరయ్యింది. ఒక ఇల్లు, ఇద్దరు బిడ్డలు, రెండు దారులు. రెంటికీ మొదలు మాత్రం ఆటే! ఆ తల్లిదండ్రులు ఏ బిడ్డనూ గ్రౌండు నుంచి చెయ్యి పట్టి లాక్కురాలేదు.

అసలు చిక్కు ఎక్కడుంది?

నిజం చెప్పుకోవాలి. అమెరికా పద్ధతి వేరు, మన పద్ధతి వేరు. అక్కడ వైద్యం చదవాలంటే ముందు నాలుగేండ్ల డిగ్రీ చేయాలి, ఆ తర్వాతే మెడికల్ కాలేజీ. అందుకే డాట్ కాలేజీలో మనసారా ఆడుకొని, ఆ తర్వాత వైద్యం వైపు తిరిగింది. మన దగ్గర ఇంటర్ కాగానే నీట్. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే బతుకు తేలిపోవాలి. ఆటలో పిల్ల ఎదిగే వయసూ అదే, పరీక్ష వయసూ అదే. రెండూ ఒకే గడపలో ఢీకొంటాయి. అందుకే మన ఆడపిల్లల ఆట సరిగ్గా పదికీ ఇంటర్‌కూ మధ్య ఆగిపోతుంది. తప్పు పిల్లది కాదు, ఒక్క తల్లిదండ్రులదీ కాదు.

కానీ ఒక్క మాట అడుగుతాను. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఏం చేస్తాం? లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పిస్తాం. ఒక ఏడు పోతుంది, కొందరికి రెండేండ్లు పోతాయి. లక్షలు కడతాం. "పోనీ తీ, ఒక్క ఏడే కదా" అంటాం. అదే పిల్ల "అమ్మా, స్టేట్ మీట్ ఉంది, పది రోజులు పోయొస్తా" అంటే మాత్రం "ఏడాది పాడైతది" అని గుండె బాదుకుంటాం! కోచింగ్‌కు పోయిన సంవత్సరం సంవత్సరం కాదా? ఆటకు పోయిన పది రోజులే సంవత్సరమా?

ఇప్పుడు ఆ 31 అంకె దగ్గరికి వద్దాం. డాట్ డాక్టరయ్యింది 31 ఏళ్ళకు. తోటివాళ్ళు చాలామంది ఆమె కంటే నాలుగైదేండ్ల ముందే అయ్యుంటారు. ఆట ఆమెకు కొన్నేండ్లు ఆలస్యం చేసింది, అది నిజం. కానీ ఆలస్యమైంది కానీ ఆగిపోలేదు. మనం భయపడేది ఆలస్యానికి. అసలు భయపడాల్సింది ఆగిపోవడానికి. ఆట మానిపించిన పిల్లలందరూ డాక్టర్లయ్యారా చెప్పండి?

చదువు దగ్గరికి వచ్చింది. మునుపు మన పిల్ల వైద్యం చదవాలంటే హైదరాబాదుకో వరంగల్‌కో పోవాలి. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. కాలేజీ ఇంటి ముందుకొచ్చింది. గ్రౌండు మాత్రం పిల్లకు దూరం చేస్తే ఎట్లా?

ఆట ఏం నేర్పుతుంది?

డాక్టరు పనికి మార్కులు ఒక్కటే చాలవు. రాత్రంతా నిలబడే సత్తువ కావాలి. నలుగురితో కలిసి పనిచేయాలి. ఆపరేషన్ థియేటరులో ఒక్కరే ఏమీ చేయలేరు. మత్తు ఇచ్చే డాక్టరు, నర్సు, సహాయకులు అందరూ ఒక జట్టే. తప్పు జరిగితే ఏడుస్తూ కూర్చోకుండా తర్వాతి పని చూడాలి. ఓడిన మరునాడు మళ్ళీ గ్రౌండుకు పోవడం అలవాటైన పిల్లకు ఇవన్నీ వేరే చెప్పాలా? సిడ్నీలో మూడు ఆటలు ఓడి బంగారం తెచ్చుకున్న మనిషి నుంచి ఏ రోగి అయినా ధైర్యం తెచ్చుకుంటాడు కదా!

పతకాల సంగతి అట్లుంచుదాం. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే గంట ఆట ముచ్చట కాదు, అన్నం నీళ్ళ లాంటి అవసరం.

అమ్మలు చేయగలిగినవి

ఉట్టి మాటలతో ఏం లాభం? ఇంటి పట్టున మనం చేయగలిగినవి కొన్ని చెబుతాను.

కాలేజీలో చేర్పించే ముందు ఫీజుతో పాటు ఇంకోటి అడగండి: "గ్రౌండుందా? సాయంత్రం గంట వదులుతారా?" గ్రౌండే లేని కాలేజీలు ఊరూరా ఉన్నాయి. పది మంది తల్లులు అడిగితే పదకొండో ఏడు వాళ్ళే సమాధానం వెతుక్కుంటారు.

గంట ఆటకు గంట లెక్క కట్టండి. సెల్‌ఫోను, టీవీ ముందు పోయే గంటను తీసి ఆటకు ఇవ్వండి, చదువు గంటను ముట్టుకోకండి. పరీక్షల నెలలో ఆట తగ్గించొచ్చు, మొత్తానికే మానిపించకండి. ఇంటిపని విషయం కూడా చూడండి. గ్రౌండు నుంచి వచ్చిన కొడుక్కు మంచినీళ్ళు ఇస్తాం, అదే గ్రౌండు నుంచి వచ్చిన బిడ్డకు గిన్నెలు చూపిస్తాం! ఇద్దరికీ నీళ్ళివ్వండి, ఇద్దరికీ గిన్నెలూ చూపించండి.

తిండి మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. రక్తం తక్కువున్న పిల్ల ఆటలోనూ వెనకబడుతుంది, చదువులోనూ కునుకుతుంది. మనం బద్ధకం అనుకుంటాం. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరును అడగండి. ఆటకు పోయే ముందు ఒక జాంపండో, గుప్పెడు పల్లీలూ బెల్లమో చాలు. వచ్చాక పెసర్ల గుడాలు, బబ్బెర్ల గుడాలు నిమ్మకాయ పిండి పెట్టండి. నిమ్మ, ఉసిరి, జాంపండు లాంటివి తోడైతే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. జొన్నరొట్టెతో ఆకుకూర, రోజుకో కోడిగుడ్డు, నువ్వుల లడ్డు, సర్వపిండి, ఇవి మన వంటింట్లోవే కదా. డబ్బా పొడుల కోసం డబ్బు పోసుకోవద్దు. తినగానే చాయ్ మాత్రం ఇవ్వకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగాక ఇవ్వండి.

మోకాళ్ళు జాగ్రత్త. ఉరుకుతూ ఉరుకుతూ టక్కున ఆగి తిరిగే ఆటల్లో మగపిల్లల కంటే ఆడపిల్లలకే మోకాలి లోపలి నరంలాంటి పట్టీ తెగడం ఎక్కువ. ఆటకు ముందు పది పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడం, గెంతి మోకాళ్ళు కొద్దిగా వంచి దిగడం నేర్చుకుంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఇది కోచ్ దగ్గర అడిగి నేర్పించండి. మోకాలు మెలికపడి వెంటనే వాచితే నూనె రాసి రుద్దకండి. బట్టలో చుట్టిన ఐసుగడ్డ పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, ఎముకల డాక్టరుకు చూపించండి.

నెలసరి సంగతి కూడా దాచుకోవద్దు. ఒంట్లో బాగుంటే ఆ రోజుల్లోనూ ఆడొచ్చు, ఏ నష్టమూ లేదు. కానీ ఎక్కువ ఆడి, తక్కువ తిని, నెలసరి మూడు నెలలుగా రాకపోతే మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ఎముకలు బలహీనపడే ప్రమాదముంది. లేడీ డాక్టరుకు చూపించండి.

ఇక "నల్లబడతది, పెండ్లెట్లయితది" అనే మాట. దానికి నా జవాబు ఒక్కటే. నలుపు పోతుంది, బలం ఉంటుంది. ఒంట్లో సత్తువ, మనసులో ధైర్యం ఉన్న పిల్లను వద్దనే ఇల్లు మన బిడ్డకు తగిన ఇల్లు కాదు.

సాఫ్ట్‌బాల్ 2008 తర్వాత ఒలింపిక్స్ నుంచి పోయి, టోక్యోలో ఒకసారి వచ్చి, 2024లో మళ్ళీ లేకుండా పోయింది. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్ పట్టికలో తిరిగి చేర్చారు. పోటీలున్నా లేకున్నా ఆడే పిల్లలు ఆడుతూనే ఉన్నారు. మన బిడ్డలందరూ ఒలింపిక్స్‌కు పోతారని కాదు, అందరూ డాక్టర్లవుతారనీ కాదు. రెండు కోరికలున్న పిల్లను ఒకటి విరిచేసుకొమ్మని పదిహేనేళ్ళకే అడగకండి, అంతే నేను చెప్పేది. ఒకటి కొంచెం ఆలస్యమవుతుందేమో. కానివ్వండి.

ఈ సాయంత్రం మీ బిడ్డ బూట్లు వేసుకుంటుంటే "ఎక్కడికి?" అని అడగకండి. "ఎప్పుడొస్తవ్ బిడ్డా, గుడాలు వేడిగా పెడత" అనండి. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల ఎంత దూరం ఉరుకుతుందో మీరే చూస్తారు!